ట్రాక్‌ప్యాడ్ విప్పేశాక కదిలిన బాణం

రిపేరు బల్ల ముందు కూర్చునేవాళ్ళ భయాలు మామూలుగా చిన్నవే. నలుసంత స్క్రూ ఎక్కడ జారిపోతుందో, బిగించాక మెషిను లేస్తుందో లేదో, జనం దాచుకున్న పెళ్ళి ఫోటోలు మన చేతుల మీదుగా ఎక్కడ పోతాయో. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇవన్నీ నేనూ పడ్డాను. రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. "మీరు బాగా భయపడ్డ కేసు ఏదండీ?" అని అడుగుతారు. కాలిపోయిన బోర్డు గురించో, షాకు కొట్టిన సంగతో చెబుతాననుకుంటారు. నిమ్మరసం పడిన ట్రాక్‌ప్యాడ్ అంటాను. ముందు నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, ఫరవాలేదు. అవాళ పొద్దున్న మేమూ నవ్వాం.

మా సర్వీసు సెంటరు రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు మీద మేడపైన ఉండేది. కొట్టూ సెంటరూ ఒకే కుటుంబానివి. కింద గల్లాపెట్టె దగ్గర ఓనరుగారి భార్య కూర్చునేవారు. ఓనరుగారు కిందకీ పైకీ తిరుగుతుండేవారు. పైకి ఒకటే మెట్లదారి, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకి అతుక్కోవలసినంత ఇరుకు. మెట్లెక్కగానే కౌంటరు, అక్కడ రసీదులు రాసే అమ్మాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేరు చూసే అతని బల్ల. ఆపైన ప్లైవుడ్ అడ్డు. దాని వెనక, గోడవార, నా బల్ల. నేను మెట్ల దాకా వెళ్ళాలంటే అతని కుర్చీ పక్క నుంచే వెళ్ళాలి. అన్నేళ్ళు ఆ దారిన తిరిగాను గానీ, బయటికి మరో దారి లేదన్న సంగతి నా బుర్రకెప్పుడూ తట్టలేదు.

సాఫ్ట్‌వేరు చూసే అతను నాకంటే చాలా చిన్నవాడు. "బాబూ" అనేదాన్ని. అతను నన్ను "మేడంగారూ" అనేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కార్తీకమాసంలో ద్రాక్షారామం వెళితే మా అందరికీ తలా ఒక పొట్లం ప్రసాదం తెచ్చేవాడు. అత్తవారిది ఆత్రేయపురం పక్క ఊరు కావడంతో పండక్కి పూతరేకులు తప్పేవి కావు. నా మోకాళ్ళ బాధ చూసి, స్టూలు తీయించి వీపు ఆనే కుర్చీ వేయించింది కూడా అతనే. ఆడపిల్లలు మెషిన్లు తెస్తే తల వంచుకునే మాట్లాడేవాడు. "ఎంత పద్ధతో" అని కౌంటరు అమ్మాయీ నేనూ చాలాసార్లు అనుకున్నాం.

అతనికి బ్యాటరీలంటే మాత్రం హడలు. ఒక వేసవిలో ఎవరిదో ల్యాప్‌టాప్‌లో ఉబ్బిపోయిన బ్యాటరీ అతని బల్ల మీదే బుస్సుమని మంట లేచింది. చెయ్యి కమిలింది. ఆ తర్వాత ఓనరుగారు మెట్ల కింద ఇసుక బకెట్టు పెట్టించారు. "ఏ బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా ముందు కిందకి పట్టుకెళ్ళి ఇసుకలో పెట్టండి, తర్వాత నాకు చెప్పండి" అన్నారు. అతను అప్పటి నుంచీ బ్యాటరీ పని ఏదున్నా నా వైపు తోసేసేవాడు.

ఇక ఆ కేసు. ఒక పొద్దున్న తల్లీకూతుళ్ళిద్దరు వచ్చారు. వాళ్ళది గోదావరి గట్టు దగ్గర ఇల్లు. తండ్రి వలకి వెళతాడు, తల్లి మార్కెట్లో చేపలమ్ముతుంది. కూతురు ఇంటి దగ్గరే మేడగదిలో కూర్చుని ఏదో కంపెనీకి కంప్యూటరు పని చేస్తుంది. మాట్లాడిందంతా తల్లే.

"దీని మీద నిమ్మకాయ నీళ్ళు పడ్డాయంటండి. బాణం గుర్తు దానంతటదే తిరుగుద్దంటండి. దీనికేదో గాలి పట్టిందని మా పిల్ల రాత్రుళ్ళు పడుకోవట్లేదు. కాత్త సూడండి అమ్మగారూ."

మేం నవ్వాం. గాలి పట్టిన ల్యాప్‌టాప్‌ని చూడడం అదే మొదటిసారి అన్నాను నేను.

కూతురు నవ్వలేదు. "పడక ముందు నుంచే కదిలేదండి..." అని మొదలుపెట్టింది.

సాఫ్ట్‌వేరు అతను లేచి కౌంటరు దగ్గరికొచ్చాడు. "అంతేనండి, లిక్విడ్ పడితే అలాగే తిరుగుద్ది. ట్రాక్‌ప్యాడ్ కింద తడి ఉంటే వేలు పెట్టినట్టే అనుకుంటుంది మెషిను. భయమేం లేదు" అన్నాడు.

"ఈ అన్నయ్యగారే ఇదివరకు నా ల్యాప్‌టాప్ బాగుచేశారమ్మా" అంది ఆ అమ్మాయి తల్లితో. తల్లి అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆ మాటల్లో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది మేమెవరం పట్టించుకోలేదు. నిమ్మరసం పడింది, బాణం కదులుతోంది. ఆ పని చేసేవాళ్ళకి ఆ రెండు ముక్కలు చాలు. మూడోది వినిపించదు.

ల్యాప్‌టాప్ నా చేతికిస్తూ, "మీరే చెయ్యండి మేడమ్, ఇంకెవరికీ ఇవ్వకండి" అంది కూతురు. పాస్‌వర్డ్ చెవిలో చెప్పింది. మూత తెరిచి చూస్తే కెమెరా మీద ఎర్ర స్టిక్కరు బొట్టు అంటించి ఉంది.

"ఇదేంటమ్మా, దిష్టికా?" అన్నాను.

తల్లి వైపు ఒకసారి చూసి, "ఉండనివ్వండి" అంది. అంతే.

నిమ్మరసం నీళ్ళలాంటిది కాదు. పంచదార బంకలా పట్టేస్తుంది, పులుపు రాగిని తినేస్తుంది. వెనక పలక విప్పి ముందు బ్యాటరీ కనెక్షను పీకేశాను. ట్రాక్‌ప్యాడ్ ఊడదీస్తే దాని కింద పాకంలా జిగురు. దాన్ని బోర్డుకి కలిపే రిబ్బన్ కేబుల్ కొసన పచ్చగా చిలుము పట్టింది. బోర్డులు కడిగే స్పిరిట్టుతో ట్రాక్‌ప్యాడ్ తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టాను. కేబుల్ మాత్రం పనికిరాదు, విజయవాడ నుంచి బస్సు పార్సిల్లో రావాలి. ఈలోగా తడి ఇంకెక్కడైనా పాకిందేమో తెలియాలి గదా. ట్రాక్‌ప్యాడ్ లేకుండానే, బ్యాటరీ లేకుండానే, అడాప్టరు గుచ్చి ఆన్ చేశాను. బాగానే లేచింది. ఇదివరకు మా సెంటరుకొచ్చిన మెషినే కాబట్టి వైఫై కూడా దానంతటదే పట్టుకుంది. స్క్రీను తుడుస్తుంటే ఆ బొట్టు ఊడొచ్చింది. తీసి బల్ల దీపం అంచుకి అంటించాను. వేడెక్కుతుందేమో చూద్దామని మెషిన్ని అలాగే ఆన్‌లో ఉంచి, క్యారియరు తీసుకుని భోజనానికి దిగాను. కౌంటరు అమ్మాయి అప్పటికే ఇంటికి వెళ్ళింది.

సగం మెట్లు దిగాక కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయానని తెలిసింది. క్యారియరు మెట్టు మీద పెట్టి వెనక్కి వచ్చాను. సాఫ్ట్‌వేరు అతని కుర్చీ ఖాళీగా ఉంది, బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. కళ్ళజోడు తీసుకుంటుంటే మోచెయ్యి తగిలి స్క్రూలు పెట్టుకునే మూత బల్ల కింద పడింది. ఉసూరుమంటూ కిందకి వంగి, ఆ పైన మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. అతను బాత్రూంలోంచి వచ్చాడు. కుర్చీ కిర్రుమంది. నేను లోపలున్నానని అతనికి తెలియదు. చెప్పవలసిన అవసరం ఉందని నాకూ తెలియదు.

తలెత్తి చూసేసరికి ల్యాప్‌టాప్ కెమెరా పక్కన తెల్లటి చిన్న దీపం వెలిగింది.

అంటే కెమెరా చూస్తోంది. ఏం చూస్తోంది? నా ఖాళీ కుర్చీని. నేను బల్ల పక్కన నేల మీద ఉన్నాను కాబట్టి దాని కంటికి కనబడను. ఎందుకో లేవాలనిపించలేదు. కొన్ని పనులు ఒళ్ళే చేసేస్తుంది, బుర్ర తర్వాత వచ్చి కలుస్తుంది.

దీపం ఆరింది. బాణం కదిలింది.

తడి పడిన మెషిన్లలో బాణం ఎలా కదులుతుందో నేను ఎన్నోసార్లు చూశాను. చేపపిల్లలా ఎగిరెగిరి పడుతుంది. ఒక మూలకి పోయి కొట్టుకుంటుంది. ఇది అలా లేదు. నిదానంగా, దారి తెలిసిన మనిషిలా నడిచింది. సెట్టింగులు తెరిచింది. మెషిన్‌లో ఉన్న ప్రోగ్రాముల వరస తెరిచింది. మౌసు లేదు. గుచ్చలేదు. మరి ట్రాక్‌ప్యాడ్? నా మొహానికి ఎదురుగానే, బల్ల అంచున గుడ్డ మీద, కేబుల్ లేకుండా పడి ఉంది.

అప్పుడు వినబడింది. ప్లైవుడ్ అడ్డుకి అవతల, ఫోను మీద అక్షరాలు నొక్కుతుంటే వచ్చే చప్పుడు. టుక్. స్క్రీను మీద వెతికే గళ్ళో ఒక అక్షరం పడింది. టుక్. ఇంకొకటి. టుక్, టుక్. ఇంకో రెండు. అక్కడ చప్పుడూ ఇక్కడ అక్షరమూ. ఒకే మనిషి రెండు పాదాల్లా.

వెతికిన పేరు పైకొచ్చింది. ప్రింటరుకి సంబంధించినదేదో అనిపించే పేరు. ఆ ఇంట్లో ప్రింటరు ఉండదని నాకు తెలుసు. బాణం దాని మీదికి వెళ్ళింది. తీసెయ్యాలా అని మెషిను అడిగింది.

ప్రసాదం తెచ్చిన చెయ్యి, కుర్చీ వేయించిన చెయ్యి, ఆ చెయ్యే అవతల ఉంది. నేనిక్కడ నేల మీద ఉన్నాను. మధ్యలో బెత్తెడు మందం లేని చెక్క. మెట్లు అతని వెనక. కౌంటరులో ఎవరూ లేరు. దూరం నుంచి మెషిన్ని నడిపే ఆ దొంగ ప్రోగ్రాముని అతను తీసేస్తే ఇక ఏ ఆనవాలూ మిగలదు. అంతా ఆ నిమ్మరసం వల్లేనని అందరం ఒప్పుకుని కేబుల్ బిగించి పంపేస్తాం.

బల్ల కిందే స్విచ్చిబోర్డు ఉంది. బ్యాటరీ లేదు గనక స్విచ్చి తీస్తే మెషిను చచ్చినట్టే. చెయ్యి చాచి స్విచ్చి నొక్కాను. స్క్రీను నల్లబడింది.

అవతల టుక్ టుక్‌లు ఆగిపోయాయి. తర్వాత కుర్చీ కిర్రుమంది.

అడ్డు పక్క నుంచి ముందు అతని తల కనిపించింది, ఆ తర్వాత అతను వచ్చాడు. నేను బల్ల అంచు పట్టుకుని లేస్తున్నాను.

"భోజనానికి వెళ్ళలేదా మేడంగారూ?"

"కళ్ళజోడు మర్చిపోయాను బాబూ. స్క్రూలు పడిపోతే వెతుకుతున్నాను."

"మెషిను ఆగిపోయిందే?"

"నా కాలు స్విచ్చికి తగిలినట్టుంది."

అతను ఊఁ అన్నాడు. చూపు బల్ల మీదికి వెళ్ళింది. గుడ్డ మీద ఉన్న ట్రాక్‌ప్యాడ్ దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఇది ఎప్పుడు విప్పారు?"

ఇప్పుడే అని ఉండవలసింది. పదిమందితో అబద్ధాలాడే అలవాటు లేకపోవడం ఇలాంటప్పుడే దెబ్బ తీస్తుంది. "పొద్దున్నే" అనేశాను.

ఆ ఒక్క మాటతో అతనికి అంతా తెలిసిపోయింది. అతనికి తెలిసిందని నాకు తెలిసింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అతని మొహంలో కోపం లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఎప్పటిలాగే వినయంగా, "ఇలా ఇచ్చెయ్యండి, సాఫ్ట్‌వేరు కూడా ఒకసారి చూసేస్తాను" అంటూ ల్యాప్‌టాప్ మూత మీద అరచెయ్యి వేశాడు. నేను రెండో పక్క పట్టుకున్నాను.

"నేను చూస్తానన్నాను కదండీ" అన్నాడు. మూత అతని వైపు కొంచెం జరిగింది.

అరవాలనుకున్నాను. గొంతులోంచి వేరే మాట వచ్చింది. "నొక్కకు బాబూ! బ్యాటరీ ఉబ్బిపోయింది దాంట్లో. చెయ్యి తియ్యి, పేలుద్ది!"

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాలిన చెయ్యి బుర్రని అడిగి కదలదు. ఆ అర క్షణంలో ల్యాప్‌టాప్ నా గుండెలకి ఆనించుకున్నాను. "ఇసుకలో పెట్టేసి వస్తాను" అంటూ అతన్ని రాసుకుంటూ బయటపడ్డాను. నా వీపు మీద అతని చూపు తెలుస్తూనే ఉంది. మెట్ల మొదట్లో ఉండగా వెనక నుంచి పిలిచాడు.

"మేడంగారూ, మీరెందుకు, నేను పట్టుకొస్తాను ఆగండి."

ఆగలేదు. తిరిగి చూడలేదు. అడుగుల చప్పుడు వస్తోందో, నా గుండె చప్పుడో తెలియలేదు. దారిలో నేనే పెట్టిన క్యారియరుని నేనే తన్నేశాను. అది దొర్లుకుంటూ, పప్పూ అన్నమూ చిమ్ముకుంటూ నాకంటే ముందు దిగింది. ఇసుక బకెట్టు దాటుకుని బట్టల కొట్లోకి వెళ్ళి, చీరలు చూస్తున్న ఆడవాళ్ళ మధ్య తెల్లపరుపు మీద కూలబడ్డాను.

"ఏంటక్కయ్యగారూ, ఆ చెమటలేంటి?" అంటూ ఓనరుగారి భార్య లేచి వచ్చారు.

వెనక గదిలో ఆవిడకీ ఓనరుగారికీ చెప్పాను. మాటలు వరసగా రాలేదు. కేబుల్ అన్నాను, ఫోను అన్నాను, మళ్ళీ కేబుల్ అన్నాను. ఓనరుగారు నా మొహం, ల్యాప్‌టాప్ మార్చి మార్చి చూశారు.

"మీరు పొరబడ్డారేమో అక్కయ్యగారూ. తడి పడిన మెషిను గదా. అతను మనింట్లో మనిషిలాంటివాడు. ఈ మాట సందు దాటితే మనం రెండు కొట్లూ మూసుకోవాలి."

ఆయన చెడ్డవారు కాదు. మూడు తరాల వ్యాపారం ముందు నిలబడి మాట్లాడుతున్నారు. నాకే అనుమానం వచ్చింది, నేను విన్నది నిజమేనా అని.

ఓనరుగారి భార్య నెమ్మదిగా అడిగారు. "ఏవండీ, మన పిల్ల ల్యాప్‌టాప్‌కి మొన్న సెలవుల్లో సాఫ్ట్‌వేరు ఎక్కించింది ఎవరు?"

ఓనరుగారి కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతోంది. ఆయన జేబులోంచి ఫోను తీశారు. నంబరు నొక్కబోతే రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి కలిసింది.

"అమ్మా, నీ ల్యాప్‌టాప్ ఎక్కడుంది? తెరిచుందా? మూసెయ్. ఎందుకా? మూసెయ్యమంటున్నానా! దుప్పటి కప్పెయ్ దాని మీద. నీ గదిలోంచి బయటికి రా. రా తల్లీ, బయటికి వచ్చెయ్."

ఫోను పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ తర్వాత నేను పొరబడ్డానన్న మాట ఆయన మళ్ళీ అనలేదు. కొట్లో పనిచేసే ఇద్దరిని మెట్ల దగ్గర నిలబెట్టి పైకి వెళ్ళారు. అతను పారిపోలేదు. తన బల్ల దగ్గరే కూర్చుని ఎవరిదో మెషిను చేసుకుంటున్నాడట. ఫోను మాత్రం అంతా చెరిపేసి, కొత్తగా కొన్నదానిలా పక్కన పెట్టుకున్నాడట.

ఈలోగా ఓనరుగారి భార్య ఆ తల్లీకూతుళ్ళని పిలిపించారు. వెనక గదిలో చీరల మూటల మధ్య నలుగురం కూర్చున్నాం. ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియక ట్రాక్‌ప్యాడ్ సంగతితో మొదలుపెట్టాను. కేబుల్ పాడైంది, వేరేది వస్తుంది అన్నాను. ఆపైన అడిగాను.

"అమ్మా, నిమ్మరసం ఎలా పడింది?"

చాలాసేపు చెంగు కొస మెలిపెట్టుకుంటూ కూర్చుంది. "పడలేదండి. పోశాను."

తల్లి అటు తిరిగింది.

"స్నానం చేసి వచ్చి జుట్టు ఆరబెట్టుకుంటున్నానండి. మూత తెరిచే ఉంది. కెమెరా దీపం వెలిగింది. నేను ఎటు వెళితే..." ఆగిపోయింది. "చేతిలో నిమ్మరసం గ్లాసుందండి. దాని మొహాన పోసేశాను. అప్పట్నుంచి ఆన్ చేయలేదు."

అంతకుముందు నుంచే ఎవరిదో తెలియని నంబరు నుంచి మెసేజీలు వస్తున్నాయట. ఆమె గదిలో ఆమె ఫోటోలు. తనే ఎప్పుడూ తీసుకోనివి. ఒక్కసారి వచ్చి కలవకపోతే గట్టు మీద ఉన్న ప్రతి ఫోనుకీ అవి వెళతాయని రాశాడట. ఏ రోజు రావాలో కూడా రాశాడు. ఆ రోజు మర్నాడే. నేను పైన చూసిందీ విన్నదీ అప్పుడు చెప్పాను, ఆ చెయ్యి ఎవరిదో కూడా.

"వెళదామనుకున్నానండి" అంది. "ఏం చెయ్యాలో తెలియక, వెళదామనే అనుకున్నాను."

తల్లి ఏమంటుందో అని అందరం చూస్తున్నాం. తిడుతుందనుకున్నాను, మొత్తుకుంటుందనుకున్నాను. ఆవిడ లేచి, కూతురి తల తన పొట్టకి ఆనించుకుంది.

"గాలి పట్టిందని నేను నవ్వుతా ఉన్నానే. కింద గదిలోనే ఉన్నాను గదే. నాకు సెప్పుకోలేకపోయావా?"

"నాన్నకి తెలుత్తాదని..."

"మీ నాన్న గోదారి పొంగుల్లోకి పడవేసుకుని పోతాడు. ఈడెంత? లెగు. టేసనుకి పోదాం." నా వైపు తిరిగి, "మీరు రావాలమ్మగారూ. ఆ కేబులు మాట మాకు సెప్పడం రాదు" అంది.

వెళ్ళాను. ల్యాప్‌టాప్‌ని, ఓనరుగారు పైనుంచి తెచ్చిన ఆ విప్పిన ట్రాక్‌ప్యాడ్‌ని వేరు వేరు కవర్లలో పెట్టి ఇచ్చాను. అతను ఫోను చెరిపేసుకున్నాడు గానీ మెషిన్‌లో ఉన్న ప్రోగ్రాము అలాగే ఉంది. అది ఎవరి ఖాతాకి కట్టి ఉందో పోలీసువాళ్ళు తీశారు. ఆ ఖాతా కింద ఇంకా ఎన్నో మెషిన్లున్నాయి. అందులో ఓనరుగారి కూతురిదీ ఉంది. ఆయన ఆ మాట విని స్టేషను వరండాలో చతికిలబడ్డారు. మర్నాటి నుంచి తనే కూర్చుని, అతని చేతిమీదుగా వెళ్ళిన మెషిన్ల తాలూకు మనుషులకి ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పారు. సెంటరు కొన్నాళ్ళు మూతపడింది. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒక తండ్రి వచ్చి కౌంటరు అద్దం పగలగొట్టి వెళ్ళాడు. ఓనరుగారు పెంకులు ఏరించారే తప్ప అతన్ని ఒక్క మాట అనలేదు.

కోర్టులో నన్నూ బోను ఎక్కించారు. అవతలి లాయరుగారు మర్యాదగానే అడిగారు. "తడి పడిన మెషిన్‌లో బాణం దానంతటదే కదులుతుందని మీరే ఎంతోమందికి చెప్పి ఉంటారు కదండీ?"

"చెప్పానండి."

"మరి ఇదీ అలాంటిదే ఎందుకు కాకూడదు?"

"అప్పటికి ట్రాక్‌ప్యాడ్ విప్పేసి పక్కన పెట్టానండి. పక్కన పెట్టిన గంటె కూర కలపదు కదండీ."

నవ్వు వినిపించింది. నేను మాత్రం ఎదురుగా నిలబడ్డ అతని వైపు చూడకుండా ఉండడానికే నా శక్తంతా ఖర్చుపెట్టాను. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

బెయిలు మీద బయటికొచ్చాక ఒకసారి రైతుబజారులో అతను ఎదురుపడ్డాడు. చేతిలో కూరల సంచి. అదే వంచిన తల, అదే మెత్తటి గొంతు. "నమస్కారం మేడంగారూ, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు. తూకం వేయించిన వంకాయలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కేశాను. ఇంటికొచ్చి గడియ పెట్టుకుని, పెట్టానో లేదో అని మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను. ఈ భయం పోలేదు. రిటైరైనా పోలేదు. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే నాకు ఇప్పటికీ వీపు జలదరిస్తుంది. ఇది నా జబ్బే గానీ, పాపం మర్యాదస్థుల తప్పు కాదు.

నేను ఉద్యోగం మానెయ్యబోయే ముందు, అందులో ఉన్నదంతా కాపీ తీసుకుని కోర్టువారు ఆ ల్యాప్‌టాప్‌ని వదిలారు. తల్లీకూతుళ్ళు తీసుకొచ్చారు. ఆ అమ్మాయి ఈలోగా కంపెనీ ఇచ్చిన వేరే మెషిను మీద పని చేసుకుంటోంది, మేడగది వదిలి కింద తల్లి పక్కనే కూర్చుని.

"దీన్ని ఇంకా ఎందుకమ్మా, వదిలెయ్యరాదూ?" అన్నాను.

"బాగుచెయ్యండి మేడమ్" అంది.

విజయవాడ నుంచి అప్పుడెప్పుడో వచ్చిన కేబుల్ నా సొరుగులోనే ఉంది. మెషిన్ని మొత్తం చెరిపి మొదటి నుంచీ అన్నీ కొత్తగా ఎక్కించాను. కనెక్టరుకి మిగిలిన చిలుము గోకి, కేబుల్ కూర్చి, ట్రాక్‌ప్యాడ్ బిగించాను. ఆన్ చేసి ఆ అమ్మాయి వైపు తిప్పాను.

భయం భయంగా వేలు పెట్టింది. జరిపింది. బాణం ఆ వేలి వెంటే వెళ్ళింది. కుడికి, ఎడమకి, కిందకి. అప్పుడు వేలు తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని స్క్రీను వైపే చూస్తూ కూర్చుంది. ఓనరుగారు వచ్చి వెనక నిలబడ్డారు. కౌంటరు అమ్మాయీ వచ్చింది. కింద కొట్లో ఎవరో చీర ధర అడుగుతున్నారు. తెల్లటి స్క్రీను మధ్యలో బాణం వదిలినచోటే ఉంది.

"ఇంకెంతసేపు సూత్తావే?" అంది తల్లి.

"ఇంకాసేపమ్మా" అంది ఆ అమ్మాయి.

తల్లి చేతిలోని చేపల తట్ట కింద పెట్టి పక్కనే కూర్చుంది. మేమందరం ఆ పిల్ల సరేననేదాకా అక్కడే నిలబడ్డాం.